వద్దు అని చెప్పే కార్డు

వరమ్మ టీచరు తాడేపల్లిగూడెం మిషను బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించింది. రిటైరయ్యాక ఇక చాక్‌పీసు ముట్టుకోనని అందరికీ చెప్పిన మనిషి, మూడేళ్ళు తిరిగేసరికి తెల్ల అట్టలూ స్కెచ్ పెన్నులూ కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద పరుచుకుంది. ఈసారి తరగతిలో ఉన్నది ఒక్కతే, ఇరవై ఆరేళ్ళ సొంత కూతురు ఏంజెల్. పాఠం కూడా ఒక్కటే. హంగేరీ వాళ్ళ భాషలో చేప వద్దని చెప్పడం.

ఏంజెల్ పెదవేగి దగ్గర ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తుంది. మొక్కల్ని సీసాల్లో పెంచే ల్యాబు అది. కంపెనీ వాళ్ళు ఆమెను నాలుగు నెలల ట్రైనింగుకు హంగేరీ పంపుతున్నారు. నవంబరు రెండో వారంలో ప్రయాణం. అక్కడ నది పక్కన ఒక చిన్న ఊళ్ళో, ఒక పెద్దావిడ ఇంట్లో గది చూశారు. భోజనం కూడా ఆవిడ దగ్గరే. ఆ ఊరివాళ్ళు చేపల పులుసుకు పెట్టింది పేరట. ఏంజెల్ ఫోనులో బొమ్మ చూపించింది. ఎర్రగా, పైన నూనె తేలుతూ, కొల్లేటి వాళ్ళు కాచిన పులుసులాగే ఉంది. వరమ్మ ఆ బొమ్మ చూసి ఫోను బల్ల మీద బోర్లించింది.

ఏంజెల్‌కు చేప పడదు. మన వైపు పడదు అన్న మాటకు పెద్ద విలువ లేదు. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి పెరుగు పడదు, ఒకాయనకు భార్య చేసిన ఉప్మా ఒక్కటే పడదు. వడ్డిస్తే అందరూ తింటారు. ఏంజెల్‌ది ఆ బాపతు కాదు. చేప పులుసు నాలుక మీద పడితే పెదాలు ఉబ్బుతాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, గొంతు మూసుకుపోతుంది. ప్రాణానికే ముప్పని ఏలూరులో డాక్టరు పరీక్షలు చేసి మరీ చెప్పాడు. ఆయన ఆ మాట చెప్పేటప్పటికి ఆ ఇంట్లో ఒక ప్రాణం పోయి రెండు నెలలైంది.

పోయినవాడు నెల్సన్, ఏంజెల్ అన్నయ్య. అతనికీ ఇదే జబ్బు.

కాబట్టి ఈ పాఠం సరదాకు మొదలైంది కాదు. హంగేరీలో కంపెనీ తరఫున ఉండే ఒక అమ్మాయి, ఏంజెల్ అడిగితే, మూడు వాక్యాలు తన గొంతుతో రికార్డు చేసి పంపింది. వరమ్మ వాటిని ఒక రోజంతా విన్నది. వంట చేస్తూ విన్నది, బట్టలు ఆరేస్తూ విన్నది. చర్చికి వెళ్ళే దారిలో ఆటోలో చెవికి ఆనించుకుని విన్నది. చివరికి అట్ట మీద తెలుగు అక్షరాల్లో, గుండ్రంగా, ఒకటో తరగతి పిల్లలకు రాసినట్టే రాసింది.

నెమ్ ఎహెతెక్ హొలొత్. చేప తినకూడదు నేను.

ఎజ్ చెప్పెత్ షెమ్. ఒక్క చుక్క కూడా.

ఏలెత్‌వెసేయెష్. ప్రాణం పోతుంది.

పక్కనే నీలం రంగుతో చేప బొమ్మ వేసి, దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా రెండు గీతలు కొట్టింది. వెనకవైపు ఆ భాష అక్షరాల్లోనే ఏంజెల్ చేత రాయించింది. ఇలాంటివి ఎనిమిది చేసింది. పర్సులో ఒకటి, కోటు జేబులో ఒకటి, పాస్‌పోర్టు అట్టలో ఒకటి, గదిలో తలుపు వెనక అంటించడానికి ఒకటి, అలా ఎక్కడెక్కడ పెట్టాలో కూడా తనే చెప్పింది. జెరాక్సు షాపులో లామినేషను చేయించేటప్పుడు షాపతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చేపలు అమ్మనివ్వని ఊరాండీ టీచరుగారూ ఇది?”

“కాదు నాయనా. మా అమ్మాయి తినకూడదని.”

“కొల్లేరు పక్కన పుట్టి చేప తినరా అండీ,” అని అతను నవ్వాడు. పాపం అతని తప్పేం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట వరమ్మకు అందరూ అంటూనే ఉన్నారు, ఆమె కూడా నవ్వి ఊరుకుంటూనే ఉంది. ఈసారి మాత్రం నవ్వలేదు.

కార్డులైతే తయారయ్యాయి. అసలు చిక్కు ఏంజెల్ నోటితో వచ్చింది. ఆ పిల్లకు మాటలు రెండు రోజుల్లో వచ్చేశాయి. వద్దని చెప్పడమే రాలేదు. చెప్పే ముందు చిన్న నవ్వు నవ్వేది. తల పక్కకు వాల్చేది. ‘చేప తినకూడదు నేను’ అన్నదాన్ని, మీరేమీ అనుకోకపోతే తినకుండా ఉండనా అండీ అన్నట్టు పలికేది. పెళ్ళి భోజనాల్లో, బంధువుల ఇళ్ళల్లో, మన పిల్లలందరూ వద్దనేది అలాగే. ఆ వద్దును పెట్టేవాళ్ళు లెక్కలోకి తీసుకోరు. మొహమాటపడుతున్నారనుకుని ఇంకో గరిటె వేస్తారు. తినేవాళ్ళకూ అది తెలుసు. మన గోదావరి వాళ్ళ మర్యాద గురించి ఊరూరా గొప్పగా చెప్పుకుంటారు. ఆ మర్యాదలో అవతలి మనిషి మాట వినడమనేది లేదని మాత్రం ఎవరూ చెప్పరు.

“నవ్వకు. నవ్వితే తింటావనుకుంటారు,” అంది వరమ్మ.

“అలవాటమ్మా. అదే వచ్చేస్తది.”

ఆ అలవాటు ఎవరు నేర్పారో వరమ్మకు తెలుసు. పెట్టింది తినాలి, పెద్దవాళ్ళు వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టకూడదు, ఇది నచ్చదు అది నచ్చదు అనకూడదు అని ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిలో పిల్లలందరి చేతా వల్లె వేయించింది. అందరికంటే బాగా నేర్చుకున్నవాళ్ళు సొంత పిల్లలిద్దరే.

నెల్సన్‌కు సంబంధం కుదిరింది కిందటేడు మార్చిలో. పిల్లది కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరు. మంచి కుటుంబం, రెండు చేపల చెరువులు, పిల్ల బీఎస్సీ చదివింది. నెల్సన్ ఆ అమ్మాయితో ఫోనులో మాట్లాడుకుంటూ డాబా మీద తిరుగుతుంటే వరమ్మ కింద నుంచి ఆ అడుగుల చప్పుడు విని మురిసిపోయేది. ఒక్క భయం ఉండేది. అంతకు ముందు రెండు సంబంధాలు, పిల్లాడికేదో ఒంట్లో బాగోదట అనే మాట మీద తప్పిపోయాయి. అందుకని ప్రధానం భోజనానికి వెళ్ళే ముందు రోజు ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి చెప్పింది.

“చేప సంగతి ఇప్పుడు ఎత్తకండి. పెళ్ళయ్యాక మనమే నిదానంగా చెప్పుకుందాం. ఏంజెలూ, నువ్వు ఉపవాస ప్రార్థనలో ఉన్నానని చెప్పు, నిన్ను బలవంతం చెయ్యరు. నెల్సనూ, నువ్వు ముక్కలు పక్కన పెట్టేసి పెరుగన్నం తినేసెయ్. కొంచెం తగిలినా మాత్ర నా బ్యాగులో ఉంటది.”

అప్పటిదాకా అలాగే జరిగింది మరి. చిన్నప్పుడు రెండు మూడుసార్లు పొరపాటున నోట్లో పడితే దద్దుర్లు వచ్చాయి, వాంతయింది, మందుల షాపులో ఇచ్చిన మాత్రతో తగ్గిపోయింది. ఇది అంతకంటే పెద్దదవుతుందని ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని ఏ డాక్టరు దగ్గరకూ తీసుకెళ్ళలేదు. డాక్టరు రాసిన కాగితం ఇంట్లో ఉంటే ఎవరి కంటైనా పడుతుందని.

పెళ్ళికూతురి తల్లి కృపావరమ్మ తెల్లవారకముందే లేచి కొర్రమీను పులుసు కాచింది. అల్లుడికని సొంత చెరువులో పట్టించిన చేప. పీటల మీద మగపెళ్ళివారు కూర్చున్నారు, నెల్సన్ మధ్యలో, పక్కన తండ్రి. ఎదురుగా వరమ్మ. కృపావరమ్మ గిన్నె పట్టుకుని నెల్సన్ దగ్గరే ఆగింది.

“కొంచెం వేయించుకోండి బాబుగారూ.”

“వద్దండీ,” అన్నాడు నెల్సన్. నవ్వుతూనే అన్నాడు.

“అలాగంటే ఎలాగండీ. ముక్క వెయ్యనులెండి. పులుసే. కొంచెమే. నాకోసం.”

నెల్సన్ తలెత్తి తల్లికేసి చూశాడు. వరమ్మ కళ్ళతోనే తినమంది.

అంతే. ఆ పీటల మీద ఆ చూపు ఇంకెవరూ చూడలేదనే వరమ్మ అనుకుంది. నెల్సన్ తల దించుకుని నాలుగు ముద్దలు తిన్నాడు. అయిదో ముద్ద కలుపుతూ గొంతు పట్టుకున్నాడు. మాత్ర మింగబోతే దిగలేదు. చెరువు గట్ల మీద ఎదురెదురుగా చేపల లారీలు, పక్కకు తప్పుకునే చోటు లేని దారి. హైవే ఎక్కి ఏలూరు ఆస్పత్రికి చేరేసరికి నెల్సన్ తల తల్లి ఒళ్ళో ఉంది, పెదాలు నల్లబడి ఉన్నాయి. అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు.

సమాధి కార్యక్రమానికి కృపావరమ్మ కూడా వచ్చింది. ఎవరినీ నిందించలేదు. వరమ్మ చేతులు పట్టుకుని ఏడుస్తూ ఒకే మాట పదే పదే అంది. “ఒక్క మాట చెప్పుంటే గుడ్లు పులుసు పెట్టేదాన్ని గదండీ వదినగారూ. పెరట్లోనే కోళ్ళున్నాయి గదండీ.” ఆ మాట అనకుండా నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని వరమ్మకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రయాణం ఇంక నాలుగు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం, వరమ్మ పాత పద్ధతి ఎత్తుకుంది. బడిలో కూరగాయల పాఠం చెప్పేటప్పుడు ఒక పిల్లను అంగడి చేసి ఇంకో పిల్లను కొనేదాన్ని చేసేది. అలాగే ఇప్పుడు ఏంజెల్‌ను బల్ల దగ్గర కూర్చోబెట్టి ముందు ఖాళీ కంచం పెట్టింది. తను గిన్నె, గరిటె పట్టుకుని నిలబడింది. గిన్నెలో ఏమీ లేదు. ముందు గదిలో మత్తయి, వరమ్మ భర్త, పేపరు చదువుకుంటున్నాడు. కొడుకు పోయాక ఆయన ఇంట్లో మాట్లాడేదే తక్కువ.

“నేను ఆ ఇంటావిణ్ణి. పులుసు పెడతాను. నువ్వు చెప్పాలి.”

“ఆవిడకు తెలుగు రాదు గదమ్మా.”

“నాకు ఆవిడ భాష రాదు. నువ్వు నీ ముక్కలు చెప్పు చాలు.” వరమ్మ గరిటె కంచం మీదికి వంచింది. “తినమ్మా.”

“నెమ్ ఎహెతెక్ హొలొత్,” అంది ఏంజెల్. నవ్వలేదు. బాగానే చెప్పింది.

పాఠం అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ వరమ్మ టీచరు కదా, ఒకసారికి తృప్తి పడే మనిషి కాదు. పెట్టేవాళ్ళు ఒకసారితో ఊరుకోరని ఆమెకు తెలుసు.

“అలాగంటే ఎలాగమ్మా. నీ కోసమే కాచాను.”

“నెమ్ ఎహెతెక్ హొలొత్. ఎజ్ చెప్పెత్ షెమ్.”

“ముక్క వెయ్యనులే. పులుసే. కొంచెమే. నాకోసం.”

ఆ మాటలు ఎవరివో నోరు దాటాక గానీ వరమ్మకు తెలియలేదు. గరిటె కంచానికి తగిలింది. ఏంజెల్ రెండు చేతులూ కంచం మీద బోర్లించి గట్టిగా నొక్కిపట్టింది. మూడో వాక్యం ఆమె నోట్లోంచి రాలేదు.

“అన్నయ్య నీకేసి చూశాడమ్మా,” అంది. “నువ్వు తినమన్నావు.”

వరమ్మ గరిటె వెనక్కి తీసుకుంది.

“నేను గోడ పక్కన కూర్చున్నాను. ఉపవాసమని చెప్పి ఊరికే కూర్చున్నాను గదా, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. వాడు నీకేసి చూడ్డం చూశాను. నీ కళ్ళూ చూశాను.” ఏంజెల్ గొంతు పెంచలేదు. “లేచి చెప్పాలనుకున్నాను. చెప్తే నా ఉపవాసం అబద్ధమని తేలిపోద్ది. అందరి ముందూ నీ పరువు పోద్ది. పులుసే గదా, మాత్ర ఉంది గదా అనుకున్నాను. అనుకుని కూర్చున్నాను.”

ముందు గదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది. మత్తయి లేచి రాలేదు. ఆ ఇంట్లో ముగ్గురూ ఏడాదిన్నరగా ఒకే బరువును, ఒకరికొకరు కనపడకుండా, మూడు మూలల్లో మోస్తున్నారని వరమ్మకు అప్పుడు అర్థమైంది. తన ఒక్కదానిదే పాపమని ఆమె రోజూ మోకరించి ఒప్పుకుంటూ వచ్చింది. కూతురు కూడా పక్క గదిలో మోకరించి అదే ఒప్పుకుంటోందని ఆమెకు తట్టలేదు.

“నీ తప్పు కాదమ్మా అది,” అంది చివరికి.

“మరెవరిదమ్మా?”

వరమ్మ దగ్గర జవాబు ఉంది. ఒక్క మాటే. అది చెప్పేస్తే కూతురి బరువు సగమైనా దిగేది. నోరు తెరిచింది కూడా. కానీ ఆ మాట గొంతు దాటి రాలేదు. ఆమె గిన్నె, గరిటె పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, బల్ల మీద పక్కకు జరిగిన కార్డును సరిచేసింది.

“మళ్ళీ చెప్పు. మొదటినుంచి.”

ఏంజెల్ కార్డు చూడకుండానే మూడు వాక్యాలూ చెప్పింది. ఆ రోజు ఇంక తల్లీకూతుళ్ళ మధ్య తెలుగు మాట లేదు.

స్టేషన్లో హైదరాబాదు బండి ఎక్కించేటప్పుడు వరమ్మ కూతురి బ్యాగు జిప్పులన్నీ తెరిచి చూసింది. డాక్టరు రాసిన ఇంజెక్షను పైఅరలో ఉంది. కార్డులు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఏంజెల్ వంగి తల్లిని కావలించుకుంది. వరమ్మ చెప్పాల్సిన మాట ప్లాట్‌ఫారం మీద కూడా రాలేదు. బండి కదిలాక మత్తయి నెమ్మదిగా, “చెప్పాల్సింది దానికి,” అన్నాడు.

తర్వాత ఆరు వారాలు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. చలి ఎలా ఉంది, ల్యాబు ఎలా ఉంది, ఇంటావిడ మంచిదా అని అడగడం, అన్నీ బాగున్నాయనడం. ఇంటావిడకు కంపెనీ వాళ్ళు ముందే చెప్పారట, రోజూ బంగాళాదుంపలూ రొట్టే పెడుతోందట. వరమ్మకు గుండె కుదుటపడలేదు. రోజువారీ వంట వేరు. పండగ వేరు. పండగ రోజు పెట్టే చెయ్యి ఎవరి మాటా వినదు.

క్రిస్మస్ ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి తాళం తీస్తుంటే ఫోను మోగింది. వరమ్మ చెప్పులు కూడా విప్పకుండా వసారాలో కుర్చీలో కూర్చుంది.

“హ్యాపీ క్రిస్మస్ అమ్మా. నాన్న ఎలా ఉన్నాడు?”

“బాగున్నాడమ్మా. నువ్వెలా ఉన్నావు? ఏం తిన్నావు?”

“నిన్న సాయంత్రం వీళ్ళింట్లో అందరూ వచ్చారమ్మా. ఇంటి ఆంటీ చెల్లెలు, వాళ్ళ పిల్లలు. ఇక్కడ క్రిస్మస్ ముందు రోజు చేపల పులుసు కాస్తారట, ప్రతి ఇంట్లోనూ. ఆంటీ చెల్లెలికి నా సంగతి తెలీదు. గిన్నె పట్టుకుని సరిగ్గా నా దగ్గరకే వచ్చింది.”

వరమ్మ ఫోను చెవికి నొక్కుకుంది. “కార్డు చూపించావా?”

“లేదమ్మా. కార్డు కోటులో ఉండిపోయింది. నోటితోనే చెప్పాను. మూడూ చెప్పాను.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు. గిన్నె వెనక్కి తీసేసుకుంది. ఆంటీ వచ్చి నా ప్లేటు మార్చి, కిటికీ తీసి, నన్ను గాలి వచ్చేవైపు కూర్చోబెట్టింది. లోపలికెళ్ళి గుడ్లు వేయించి తెచ్చింది.”

“బాధపడ్డారా?”

“లేదమ్మా.”

“మళ్ళీ మళ్ళీ అడిగారా? కొంచెం వేసుకోమని?”

“లేదు. ఒక్కసారే అడిగారు.” ఏంజెల్ గొంతు సన్నబడింది. “అర నిమిషం పట్టిందమ్మా మొత్తం. అంతే. తర్వాత అందరూ మామూలుగా తినేశారు. నేను మాత్రం బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.”

వరమ్మ కళ్ళు మూసుకుంది. బండి కదిలినప్పుడు రాని మాట, బల్ల దగ్గర గొంతులో ఆగిన మాట, ఇప్పుడు అంత దూరంలో ఉన్న పిల్లతో మాట్లాడుతుండగా తనంతట తానే వచ్చింది.

“నాది తప్పు ఏంజెలూ. నీది కాదు. నేనే తినమన్నాను వాణ్ణి.”

“ఊఁ,” అంది ఏంజెల్. కాదనలేదు. ఫరవాలేదనీ అనలేదు. “ఉంటానమ్మా. ఆంటీ పిలుస్తోంది,” అని ఫోను పెట్టేసింది.

మత్తయి లోపలికి వెళ్ళి దీపాల తీగ స్విచ్చి వేసి వచ్చాడు. “ఏమంది పిల్ల?”

“తిందటండీ. గుడ్లు వేయించి పెట్టారట.”

ఆయన తల ఊపి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎదురింట్లో ఎవరో పండక్కి చేప వేయిస్తున్నారు, వాసన వసారాదాకా వస్తోంది. వరమ్మ గోడ గడియారంలో సెకన్ల ముల్లును చూస్తూ కూర్చుంది. ముల్లు పన్నెండు దగ్గర బయలుదేరి ఆరు దగ్గరకు వచ్చింది. ఆ రోజు నెల్సన్ తలెత్తి తనకేసి చూసి, మళ్ళీ తల దించుకుని అన్నం కలుపుకోవడానికి కూడా ఇంతసేపు పట్టలేదు.